కొసకొమ్మ పిట్టల వాటా

అనగనగా ఒక రాజు. ఆయన పేరు భూరిసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. ఏ చెట్టు కాయలు కోసినా కొసకొమ్మను మాత్రం ముట్టుకునేవాళ్లు కాదు. అది పిట్టల వాటా. ఒకనాడు రాజుగారు తోటకొచ్చి తలెత్తి చూశాడు.

"ఇన్ని పళ్లు పిట్టలకా? కోసెయ్యండి!" అన్నాడు.

రాజు మాటకు ఎదురేముంది? కోసేశారు.

పిట్టలు అలిగి వెళ్లిపోయాయి. ఇంక పురుగులకు పండగే పండగ! ఆకులన్నీ తినేశాయి. చెట్లు మోడులయ్యాయి. వాలడానికి చెట్టు లేక మబ్బులు బిక్కమొహాలేసుకుని తిరుగుతుంటే, ఏడు సముద్రాల అవతలి శుష్కదంతుడనే మాంత్రికుడు వాటిని రమ్మని పిలిచి, జాడీలో పెట్టి మూత బిగించేశాడు. దేశంలో గుక్కెడు నీళ్లు కరువయ్యాయి.

మబ్బులు తెస్తానని పెద్దకొడుకు బయలుదేరాడు. సముద్రం ఒడ్డున మామిడిచెట్టు కనబడింది. ఎన్ని కోసినా మర్నాటికి మళ్లీ కాసే చెట్టు అది. పళ్లన్నీ దులిపేసుకుని తిన్నాడు. "సముద్రం దాటేదెట్లా?" అని చెట్టు మీది పిట్టల్ని అడిగితే ఒక్కటీ పలకలేదు. తిరిగొచ్చాడు. రెండోవాడు వెళ్లి కొమ్మలతో సహా విరిచాడు. వాడూ తిరిగొచ్చాడు.

మూడోవాడు కేదారుడు. వాణ్ణి నాయనమ్మ పెంచింది. వాడూ ఆ మామిడిచెట్టు దగ్గరికే వచ్చి, కడుపునిండా తిని, దారికి ఒక పండు మూటగట్టుకుని, అలవాటు కొద్దీ కొసకొమ్మను వదిలేశాడు.

పైనుంచి గోరింక పలికింది. "భూరిసేనుడి కొడుకువై ఉండీ మా వాటా మాకుంచావా, నాయనా?"

"నాయనమ్మ నేర్పిందమ్మా."

గోరింక కళ్లు చెమర్చాయి. వెంటనే తాబేలు తాతను కేకేసింది. కేదారుడు తాబేలు వీపెక్కాడు. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా అలా ఏడూ దాటారు.

మాంత్రికుడు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. వాడు చెరపట్టి తెచ్చిన తొలకరి అనే రాకుమారి గుమ్మంలో ఎదురైంది.

"వాడి ప్రాణం ఆ పంజరంలో చిలుకలో ఉంది. గొంతు నులిమేస్తే సరి!" అంది.

చిలుక చిక్కి సగమైంది. మాంత్రికుడు దానికి ముత్యాలు పెట్టేవాడే గాని పండు పెట్టేవాడు కాదు. పండు రుచి తెలిస్తే అడవి గుర్తొస్తుందని వాడి భయం. కేదారుడికి చేతులు రాలేదు. తన ఆకలి దిగమింగుకుని మూటలో పండు తీసి దాని ముందు పెట్టాడు.

చిలుక ఆవురావురుమని తింది. "నీ మేలు మరువను, నాయనా! నేనెగిరిపోతే వాడి మంత్రాలన్నీ నాతోనే పోతాయి. తలుపు తియ్యి చాలు" అంది.

తీశాడు. చిలుక తుర్రుమంది. మాంత్రికుడు దిగ్గున లేచి "హ్రీం" అన్నాడు, "హ్రాం" అన్నాడు. వాడికి ఆవలింత వచ్చింది తప్ప ఏమీ జరగలేదు. జాడీ మూత ఎగిరిపడి మబ్బులు బయటికొచ్చాయి. కేదారుడు వాటిని తమ దేశానికి రమ్మన్నాడు.

"వస్తాం సరే, మీ దేశంలో మాకు వాలడానికి చెట్టేదీ?" అన్నాయి మబ్బులు.

కేదారుడు పంజరంలో చెయ్యి పెట్టాడు. చిలుక వదిలిన టెంక తీసి చూపించాడు. "ఇదుగో, ఇదే ఉంది. ఒక్కసారి వచ్చి తడపండి. పెంచే పూచీ మాది."

మబ్బులు కరిగాయి. తొలకరినీ, మంత్రాలు పోయిన శుష్కదంతుణ్ణీ తాబేలు వీపు మీద ఎక్కించుకుని కేదారుడు తిరుగుముఖం పట్టాడు. దారిలో గోరింక తన వాళ్లందరినీ పోగేసింది. ముక్కుకో విత్తనం కరుచుకుని పిట్టలన్నీ వెంట వచ్చాయి. పొలిమేరలో రాజుగారే గునపం పట్టుకుని మొక్కలు నాటడానికి గోతులు తవ్వుతున్నాడు. గోరింకను చూడగానే ఆయనకు ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదే, తల్లీ. మళ్లీ వచ్చారు, అదే పదివేలు!"

వాన కురిసింది. కేదారుడికీ తొలకరికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్లి చేశారు. శుష్కదంతుడికి మొక్కలకు నీళ్లు పోసే పని ఇచ్చారు. నడుం నొప్పని రోజూ సణుగుతూనే పోసేవాడు. కేదారుడు చాలా కాలం చల్లగా ఏలాడు.

టెంక చెట్టయి తొలికాపు కాసిననాడు ముసలి రాజు దాని కింద కూర్చున్నాడు. కొసకొమ్మ మీంచి చిలుక సగం కొరికిన పండొకటి ఆయన ఒళ్లో పడేసింది. దాన్ని కళ్లకద్దుకుని, ప్రసాదంలా తిన్నాడు. అంత తియ్యటి పండు జన్మలో తినలేదన్నాడు.

కథ మనకి, కొసకొమ్మ పిట్టలకి.