గవరయ్య వెళ్లని సన్మానం

ఆచార్య సోమేశ్వరరావు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు. లేచి చెప్పులు వేసుకునేవారు. మనస్తత్వశాస్త్ర విభాగంలో ముప్పై ఏళ్లుగా అందరూ ఎరిగిన అలవాటది. ఆ రోజు ప్రశ్న అడిగింది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న దీవెన.

ఎనభై దాటిన నూట పన్నెండుమందిని కలిసి, బతుకు ఎంత తృప్తిగా ఉందో పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారని అడిగి వచ్చిందామె. ఒంట్లో సత్తువ, చేతిలో పని, చుట్టూ ఉండే మనుషులు ఒక్కొక్కటే తరిగిపోయినవాళ్లు కూడా ఎనిమిదీ తొమ్మిదీ వేసుకున్నారు. గవరయ్య అనే సన్నాయి విద్వాంసుడైతే ఏకంగా పదికి పది వేసుకున్నాడు. పళ్లన్నీ ఊడిపోయి, సన్నాయి పెదవికి తగిలించి పదకొండేళ్లయిన మనిషి!

"మన ముందు మొహమాటానికి అలా చెబుతున్నారా సార్, లేక తమను తామే మభ్యపెట్టుకుంటున్నారా? ఉన్నవన్నీ పోతూంటే తృప్తి ఎలా పెరుగుతుంది?"

ఆచార్యులు చెప్పులు వేసుకున్నారు.

విజయనగరం అవతల గవరయ్య ఉండే ఊరికి ఇద్దరూ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఇంటి ముందు కారు ఆగి ఉంది. పట్నంలోని సంగీత సభవాళ్లు ఇద్దరు అరుగు మీద కూర్చుని గవరయ్యను బతిమాలుతున్నారు. మర్నాడు ఉదయం ఆయనకు చేయాల్సిన సన్మానాన్ని పెద్దల వీలు కోసం ఆ సాయంత్రానికే మార్చారట. ఉన్నపళంగా బయల్దేరాలి. ఆ సభ పిలుపు కోసం తాను ఎన్నేళ్లు ఎదురుచూశాడో గవరయ్య మొదటిసారి కలిసినప్పుడే దీవెనకు చెప్పాడు. అందుకే ఆయన జవాబు విని ఆమె నిర్ఘాంతపోయింది.

"రేపు పొద్దుటైతే ఒచ్చేవోణ్ని బాబూ. సాయంత్రాలు మాత్రం మా సింహాచలంవి. నిన్న ఆడు తాళం తప్పీసినాడు. అరవై ఏళ్లలో ఎప్పుడూ తప్పనోడు. ఇయ్యేళ నేను ఎల్లాల."

గవరయ్య లేకుండానే కారు వెళ్లిపోయింది. దీవెన ఉండబట్టలేక అడిగింది. "బాధగా లేదా తాతా?"

"ఎందుకుండదు? నలభై ఏళ్ల కిందటైతే పరిగెట్టుకుని ఎల్లిపోయేవోణ్ని తల్లీ. అప్పుడు పారబోసుకోడానికి రోజులు బోలెడుండేవి." ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఇద్దరూ ఆయన వెంట వెళ్లారు.

గవరయ్య సన్నాయికి జీవితమంతా డోలు వాయించినవాడు సింహాచలం. పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా చచ్చుబడింది, మాట పడిపోయింది. గవరయ్య మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పలకరింపు లేదు, పరామర్శ లేదు. బోసినోటితో పల్లవి ఎత్తుకున్నాడు. కాసేపు ఏమీ జరగలేదు. ఆయన ఆపలేదు, మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. మూడోసారి సింహాచలం కుడిచేతి వేళ్లు కదిలాయి. మంచంపట్టె మీద ఒక దెబ్బ, ఆగి ఇంకొకటి, ఆపైన వరసగా. ఒక ఆవర్తం నిలబడింది, రెండోదీ నిలబడింది. తాళం తప్పలేదు.

తప్పింది గవరయ్యే. సంతోషం పట్టలేక పాడుతున్న పల్లవిని మధ్యలోనే గాలికి వదిలేశాడు. సింహాచలం వేలు ఎత్తి ఆయన్ని బెదిరించి, వంకరపోయిన మూతితోనే నవ్వాడు. "దొరికిపోనాను గదా, ఇంక ఒగ్గుతావేటి నన్ను!" అంటూ గవరయ్య అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముఖమంతా నవ్వు, చెంపల మీద కన్నీళ్లు. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

రెండు గంటలు అక్కడే కూర్చుండిపోయింది దీవెన. సంచిలోంచి కాగితాలు తీయనే లేదు. తిరుగు బస్సు కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు.

"అంత గొప్ప మనిషినా సార్ నేను అనుమానించింది!" అని, ఆచార్యుల వైపు తిరిగి అడిగింది. "ఆ నిమిషాన ఆయనది సంతోషమా, దుఃఖమా? నా ప్రశ్నావళిలో రెంటికీ వేరువేరు గళ్లున్నాయి. ఎందులో టిక్కు పెట్టాలో తెలియడం లేదు."

ఆచార్యులు వస్తున్న బస్సుకు చెయ్యెత్తారు.

"ఆ రెంటినీ విడదీసి గళ్లు గీసినవాళ్లకి మహా అయితే ముప్పై ఏళ్లుంటాయమ్మా," అన్నారు.