అలసంద మొక్క మీద సుల్తానా

ఓబులేసు పురుగులు పిల్లల్ని పెట్టడం మానేశాయి.

పురుగులంటే పేనుబంక. అలసంద మొక్క లేత కొసలకు నల్లగా అతుక్కుని రసం పీల్చే చిన్న చిన్న జీవాలు. రైతు కంటపడితే వాటికి మందు తప్పదు. ఉస్తాద్ ఖలీలుల్లా మాత్రం వాటిని కోరి పెంచుతారు. ఆదోని ఊరి చివర ఆయన ఇంటి వెనక రెండు గదుల నిండా వల కట్టిన పంజరాలే. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆయన దగ్గరికి పురుగుల విద్య నేర్చుకోవడానికి పిల్లలు వస్తూనే ఉన్నారు.

పేనుబంకలో పిల్లలు కనడానికి మగతోడు అక్కర్లేదు. ఒక్క తల్లిని వదిలితే చాలు, పంజరం నిండిపోతుంది. అందుకే ఉస్తాద్ దగ్గర ఒక ఆచారం ఉంది. ఏ పంజరానికైనా ఆ మొదటి తల్లి పేరే రాసి కట్టాలి. గుల్‌బానో, పెద్దక్క, నాంచారి. చీడపురుగులకు ఇంత మర్యాద ఎక్కడా ఉండదు. శిష్యుడు ఓబులేసుకు అప్పజెప్పింది సుల్తానా సంతతి.

ఓబులేసు తెలివైనవాడు. ఆ సంగతి అతనికి కూడా కాస్త ఎక్కువగానే తెలుసు.

పేనుబంక ఒంట్లో, దాని కణాల లోపలే, ఒక రకం బాక్టీరియా కాపురం ఉంటుంది. మొక్క రసంలో తీపి తప్ప బలం పెద్దగా ఉండదు. ఆ తిండిలో కొరవడిన బలాన్ని లోపల కూర్చుని వండిపెట్టేది ఆ బాక్టీరియానే. పుస్తకాలన్నీ ఇదే చెబుతాయి. ఓబులేసుకు మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఆ బలమేదో బయటి నుంచి మనమే పెడితే సరిపోతాది కదా, ఉస్తాద్? లోపల ఆ బాడుగవాళ్ళతో పనేముంది?" అన్నాడు.

"చూడప్పా," అన్నారు ఉస్తాద్. ఆయన ఎవరినీ వద్దనరు.

ఓబులేసు పురుగులకు యాంటీబయాటిక్ మందు పెట్టి లోపలి బాక్టీరియానంతా చంపేశాడు. పోషకాలన్నీ కలిపిన పంచదార నీళ్ళు పురుగులు గుచ్చి పీల్చేలా పల్చటి పొర కింద పోసి, తల్లి బిడ్డకు పెట్టినంత శ్రద్ధగా రోజూ మార్చి పెట్టాడు. సుల్తానా పేరున్న అట్టముక్క పీకేసి, ఒక అంకె రాసి అతికించాడు. ఇది కొత్త వంశం, దీనికి పాత తల్లి పేరెందుకని అతని వాదం.

ఉస్తాద్ ఆ పీకేసిన అట్టముక్కను తీసి జేబులో వేసుకున్నారు.

పురుగులు చావలేదు. అలాగని పెరగలేదు కూడా. గిడసబారి, పాలిపోయి, పొర మీద కదలకుండా కూర్చున్నాయి. పిల్లల్ని పెట్టే ఈడు దాటిపోతున్నా ఒక్కటీ పెట్టలేదు. తిండిలో లోపమెక్కడుందో తేలక ఓబులేసు ఆ రోజు పొద్దున్నుంచీ తల పట్టుకుని కూర్చున్నాడు.

ఉస్తాద్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఓబులేసూ, గేటుకాడ ఒకామె కూర్చోనుండాది. సుంకులమ్మంట. బళ్ళారి నుంచి వచ్చిండాది. నిన్ను ఒకసారి చూసి సాయంత్రం బస్సుకు పోతానంటాంది."

పంచదార నీళ్ళు కలుపుతున్న ఓబులేసు చేతిలో గాజు కడ్డీ ఆగిపోయింది.

"నేను లేనని చెప్పండి ఉస్తాద్."

"నువ్వు ఉండావని చెప్పేసినా కదా."

"అయితే రానన్నాడని చెప్పండి."

ఉస్తాద్ కదలలేదు. ఆయన ఏమీ అడగలేదు. అడగనివాళ్ళ ముందు దాచుకోవడం కష్టం. ఓబులేసు తల ఎత్తకుండానే చెప్పుకొచ్చాడు.

"నాయన పోయినాక నన్ను అవ్వకాడ వదిలేసి బళ్ళారిలో మారుమనువు చేసుకునింది. అప్పటికి నాకు సరిగ్గా మాటలే రావు. అవ్వ పోయినాక కూడా రాలేదు. నన్ను పెంచింది హాస్టల్ అన్నం, ఉస్తాద్. ఈ ఒళ్ళు, ఈ చదువు, అంతా ఆ అన్నమే. ఆమెది నాలో ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

ఉస్తాద్ తల ఊపి, పక్క పంజరం దగ్గరికి నడిచారు. అందులో ఉన్నదీ సుల్తానా సంతతే, మందు ముట్టనిది. ఒక తల్లి పురుగును కుంచె కొసతో ఎత్తి, గాజు పలక మీద ఉప్పునీటి బొట్టులో ఉంచారు. సన్నటి సూదులతో దాని పొట్ట విప్పారు. డెబ్బై దాటిన ఆ చేతులు అప్పుడు మాత్రం వణకవు.

"చూడు."

ఓబులేసు మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఎన్నిసార్లు చూసినా అతనికి ఒళ్ళు జలదరించే దృశ్యమే అది. తల్లి కడుపులో కూతుళ్ళు వరసగా పేర్చినట్టున్నారు. పెద్దవాటికి కళ్ళు కూడా వచ్చేశాయి. ఆ పుట్టని కూతుళ్ళ కడుపులో అప్పుడే మనవరాళ్ళు మొదలయ్యారు. వాటి పక్కనే బాక్టీరియాను మోసే పెద్ద కణాలు ద్రాక్షగుత్తిలా ఉన్నాయి. ఆ గుత్తి నుంచే కొంత బాక్టీరియా, ఇంకా రూపం కూడా కట్టని ప్రతి పిండంలోకీ చేరుతుంది. డైనోసార్లు తిరిగిన కాలం నుంచీ ఏ తల్లీ ఇవ్వడం మరవలేదు. ఆ బాక్టీరియా బయట బతకలేదు, అది లేకుండా పురుగూ నిలవలేదు. ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద ఏర్పాటా అని ఓబులేసుకు ఆ క్షణాన నిజంగా దండం పెట్టాలనిపించింది.

ఉస్తాద్ ఈసారి ఓబులేసు పంజరంలోని పురుగును తెచ్చి విప్పారు. లోపల ద్రాక్షగుత్తి లేదు. రెండు మూడు పిండాలు వడలిపోయి ఉన్నాయి.

"తిండి తక్కువైందా?"

"లేదు ఉస్తాద్. అన్నీ పెట్టినా."

ఉస్తాద్ కొత్త పలక ఒకటి తుడిచి, ఒక పుల్ల అతని చేతికిచ్చారు.

"బుగ్గ లోపల మెల్లగా గీకు."

ఓబులేసు అయోమయంగా చూసినా చెప్పినట్టే చేశాడు. ఉస్తాద్ ఆ తడిని పలక మీద రాసి, కణంలోకి దిగితే నీలంగా తేలే ఆకుపచ్చ రంగు ఒక బొట్టు వేశారు. కాసేపు ఆగి పలకను మైక్రోస్కోపు కింద జరిపారు. గోడ గడియారం వైపు ఒకసారి చూశారు.

"ఏం కనపడుతాంది?"

"నా కణాలు. లోపల నీలం చుక్కలు." అతని గొంతులో కొంచెం విసుగు. "మైటోకాండ్రియా. డిగ్రీలో చేసినాం కదా ఉస్తాద్."

"అవి ఎక్కడివి?"

"ఒకప్పుడు అవి కూడా బాక్టీరియానే. బయట తిరిగేటివి. కణం లోపలికి చేరి అక్కడే ఉండిపోయినాయి."

"ఏం పని చేస్తాయి?"

"తిన్నదాన్ని ఒంటికి శక్తిగా మారుస్తాయి."

"హాస్టల్ అన్నాన్నా?"

ఓబులేసు పలక మీంచి కన్ను తీశాడు.

"అవును," అన్నాడు. "దాన్ని కూడా."

"మరి నీకు ఇవి ఎవరిచ్చినారు?"

అతను ఎన్ని పరీక్షల్లో రాసిన జవాబో అది. నోటికి దానంతట అదే వచ్చేసింది. "తల్లి అండం నుంచి మాత్రమే వస్తాయి. తండ్రి నుంచి..."

మిగిలిన మాట బయటికి రాలేదు.

ఓబులేసు మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగి ఆ నీలం చుక్కల్ని చూశాడు. తల ఎత్తేసరికి అతని కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఆమె చేసింది తప్పు కాదంటారా ఉస్తాద్?"

"ఆ సంగతి నాకేం తెలుసప్పా. ఏమీ లేదంటివి. ఉందో లేదో చూసినాం. అంతే."

అంటూనే ఆయన జేబులోంచి సుల్తానా అట్టముక్క తీసి బల్ల మీద పెట్టి, సూదులు కడగడానికి వెళ్ళిపోయారు.

గేటు దగ్గర అరుగు మీద సుంకులమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సు వేళ దగ్గరపడినట్టుంది, మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది. చెప్పుల చప్పుడు విని తల తిప్పింది. ఎదుట నిలబడిన మనిషిని చూసి గబుక్కున లేచి, ఏమనాలో తెలియక సంచిని గుండెలకు అదుముకుంది.

ఓబులేసు ఆమె ముఖంలోకి చూశాడు. అడగాలని ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది వేరే మాట.

"అన్నం తింటివా?"