ఇద్దరూ మగపెళ్ళివారే

ఒక రాజుగారు సముద్రం అవతలి ద్వీపంతో పెట్టుకున్న యుద్ధం ఏళ్ళు గడిచినా తెమల్లేదు. మగపిల్లలంతా అక్కడే ఉండిపోతే, ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చే పేరిందేవమ్మకు ఒళ్ళు మండింది. నేరుగా కోటకెళ్ళి, సంధి చేసుకోమంది.

"ముందుగా అడిగినవాడు లోకువైపోడూ?" అన్నారు రాజుగారు.

"ముందడిగింది ఆ రాజే, ప్రభూ. ఎదురుపడ్డప్పుడు మాత్రం ఆ ఊసెత్తకండి. పాపం, చిన్నబోతాడు."

ఓడెక్కి వెళ్ళి ద్వీపపు రాజుకూ అదే మాట చెప్పింది.

రాజులిద్దరూ కలిశారు. ఒకరినొకరు జాలిగా చూసుకుంటూ, గెలిచిన ఊళ్ళన్నీ పోటీపడి తిరిగి ఇచ్చేసుకున్నారు.

తిరుగు ఓడలో సేనాపతి ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ముందడిగిందెవరు పెద్దమ్మా?"

"ఎవరూ అడగలేదు నాయనా. నేను కుదిర్చే సంబంధాల్లో ఇద్దరూ మగపెళ్ళివారే. అది సరే, నీ దండులో పెళ్ళికాని కుర్రాళ్ళెందరు?"