చోటు మారని ఆకాశం

ఒకానొక రాజ్యం ఉండేదని చెబుతాను, ఎక్కడుండేదని మాత్రం నన్ను అడక్కండి. దాని పేరు చిత్రగిరి. దాన్నేలే ఉద్దండవర్మది సూర్యవంశం. అంటే, ఆయనే అలా చెప్పుకునేవాడు. అందరూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకుంటారు కదా, ఈయన మేడెక్కి, "తాతగారూ, కులాసానా?" అని పలకరించేవాడు. అంత గొప్పవాడన్నమాట!

ఈ మహానుభావుడికి ఓ పిచ్చి ఉండేది. లోకంలో ఏదీ మారకూడదు. వంటవాడు పులుసులో కొత్తగా ములక్కాడ వేస్తే సభ పెట్టి మరీ విచారించేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఓ రోజు బుర్రలో ఏం పుట్టిందో, ఏకంగా శాసనమే చేసి పారేశాడు. పుట్టిన చోటు విడిచి మరోచోట కాపురం పెట్టినవాళ్ళని ఆ పొద్దు గూకేలోగా పొలిమేర దాటించాలట! మరి పెళ్ళయి వచ్చిన కోడళ్ళ మాటేమిటని మహారాణిగారు ఒక్క చూపు చూసేసరికి, ఆ ఒక్కటీ మినహాయించాడు.

ఆ ఏడు శ్రావణంలో ఏరు పొంగింది. పొంగి తగ్గిపోతే జనం ఎలాగో ఓర్చుకుందురు. అది దారి మార్చుకుని తుంగలంక అనే ఊరి మీదుగా పారడం మొదలుపెట్టింది. ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. జనం పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో తెప్పలెక్కి ఒడ్డునపడి, రాజుగారు ఏడాదికోసారి వేటకొచ్చే బీడులో నాలుగు గుడిసెలు వేసుకున్నారు. మూడో రోజుకల్లా భటులు వచ్చి గుడిసెలు పీకేసి, అందర్నీ సభకు తోలుకొచ్చారు.

వాళ్ళ తరఫున పోలమ్మ అనే ముసలావిడ ముందుకొచ్చింది.

"బాబూ, మారాజా, ఆ బీడు మాకిప్పించండి. దున్నుకుని బతుకుతాం."

"మీ చోటికి మీరు పొండి," అన్నాడు రాజు.

"మా చోట ఇప్పుడు ఏరుంది బాబూ. ఏట్లో కాపురం పెట్టమంటారా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకి ఒళ్ళు మండింది. ఆస్థాన జ్యోతిష్కుడు నరహరి సిద్ధాంతి వైపు తిరిగి, "వీళ్ళకి బుద్ధి వచ్చేలా ఒక్క మాట చెప్పండి," అన్నాడు.

సిద్ధాంతి ఉత్తరీయం సర్దుకుని లేచాడు. ఆయన ఉత్తరీయం సర్దుకోవడానికే సగం జాము పట్టేది. "ఆకాశం చూసి నేర్చుకోండి. సూర్యుణ్ణీ, గ్రహాలనూ సృష్టికర్త ఏ దారిలో పెట్టాడో, ఈనాటికీ అదే దారిలో ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా జరగలేదు. పైన మారనిది కింద ఎలా మారుతుంది?"

"భేష్!" అన్నాడు రాజు. "పొద్దు గూకేలోగా వీళ్ళని పొలిమేర దాటించండి."

పొలిమేరకు అవతల ఏముంది? రాళ్ళగుట్టలు. గుక్కెడు నీళ్ళు దొరకవు. చంటిబిడ్డలున్నారు, నిండు గర్భిణులున్నారు.

అప్పుడు లేచాడు కొమ్మన. ఈయన రాజుగారి కొలువులోనే ఉంటూ, రాజుగారికి నచ్చని మాటలు చెప్పడమే పనిగా పెట్టుకున్నవాడు. ఎన్నిసార్లు కొలువు ఊడిందో, ఎన్నిసార్లు మళ్ళీ పిలిపించారో ఆయనకే గుర్తులేదు.

"సిద్ధాంతిగారు చెప్పింది శుద్ధ అబద్ధం ప్రభూ," అన్నాడు.

రాజు కళ్ళెర్రజేసినా కొమ్మన ఆగలేదు.

"ఆకాశమంత మారినది మరోటి లేదు. అసలు మొదట్లో సూర్యుడే లేడు. ఓ పెద్ద దుమ్ము మబ్బు ఉండేది, అంతే. అది తనలోకి తాను కుంగుతూ గిర్రున తిరిగింది. నడుమ చేరిన ముద్ద బరువెక్కి, వేడెక్కి భగ్గున వెలిగింది. అదిగో, ఆయనే మీ తాతగారు. చుట్టూ మిగిలిన దుమ్ము, మజ్జిగ చిలికితే వెన్న ముద్దకట్టినట్టు, అక్కడక్కడా ముద్దలు కట్టింది. ముద్దా ముద్దా అతుక్కుని గ్రహాలయ్యాయి. అయ్యాక అయినా కుదురుగా ఉన్నాయా? గురుడూ శనీ వాళ్ళ దారులు వదిలి అటూ ఇటూ జరిగారు. జరుగుతూ జరుగుతూ చిన్నవాటిని ఒక్క తోపు తోశారు. కొన్ని ఎటు పోయాయో అజాపజా లేదు. మన భూమిని ఓ పిల్లగ్రహం వచ్చి గుద్దితే, లేచిన ముక్కలన్నీ కలిసి చంద్రుడయ్యాయి."

ఆ కాలంలో ఇదంతా కొమ్మనకి ఎలా తెలుసని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఇప్పుడు దుర్భిణుల్లోంచి చూసేవాళ్ళు కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నారు కదా, ఇక మీకొచ్చిన బాధేమిటి? కథ వినండి.

రాజు ముఖం కందగడ్డయింది. "ఏమన్నావ్? మా మూలపురుషుడు దుమ్మా?"

"దుమ్మే ప్రభూ. మీకొక్కరికే కాదు, ఈ పోలమ్మకీ మూలం ఆ దుమ్మే. ఆ లెక్కన మీరిద్దరూ చుట్టాలు."

పోలమ్మ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. "కొమ్మనా! ఆకాశం మారిందని ఇప్పుడే, ఇక్కడే రుజువు చెయ్యి. చెయ్యలేకపోయావో, వీళ్ళతోపాటు నువ్వూ పొలిమేర దాటుతావు!"

"చేస్తే?"

"చేస్తే ఆ బీడు వీళ్ళది. పో!"

"నాకు సాక్షి కావాలి ప్రభూ. వాడీ సభలోనే ఉన్నాడు. కానీ వాడు కూడా పుట్టిన చోటు విడిచి వచ్చి ఇక్కడ మకాం పెట్టినవాడే. వాడు ఎవరని తేలినా శిక్షలో తేడా ఉండదని మాటివ్వండి. అప్పుడే నోరు విప్పుతాను."

సభలో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మేనమామ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న సేనాపతికైతే ముచ్చెమటలు పోశాయి.

"నా కన్నకొడుకైనా సరే!" అని గర్జించాడు రాజు. గర్జించి ఊరుకోలేదు, ప్రమాణం చేశాడు. చిత్రగిరిలో రాజు ప్రమాణం చెయ్యాలంటే ఓ పద్ధతుంది. సింహాసనం కింద నల్లగా, నున్నగా, ఇనుములాంటి రాయి ఒకటి ఉంటుంది. దాని మీద కుడిచెయ్యి పెట్టి చెప్పాలి. పట్టాభిషేకం నాడు కొత్తరాజుని దాని మీద కూర్చోబెట్టి నీళ్ళు పోస్తారు. దాని మీద కూర్చోనివాడు రాజే కాడు. ఉద్దండవర్మ వంగి, రాయి మీద అరచెయ్యి ఆనించి, "తప్పు చేసినవాణ్ణి పొలిమేర దాటిస్తాను, ఇది నా ప్రమాణం," అన్నాడు.

"మహాప్రసాదం," అన్నాడు కొమ్మన. "తమరి చెయ్యి కిందే ఉన్నాడు. పట్టించండి."

రాజు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కొమ్మన సిద్ధాంతి వైపు తిరిగాడు. "సిద్ధాంతిగారూ, ఏటా పట్టాభిషేకం పండగనాడు ఈ రాయి కథ సభకి వినిపించేది తమరే కదా. ఈ రాయి ఎక్కడిది?"

సిద్ధాంతికి అందులో ఉచ్చు కనిపించలేదు. పైగా ఆ కథంటే ఆయనకి మహా ఇష్టం. "ఆకాశానిది! మహారాజుగారి ముత్తాత కాలంలో పట్టపగలు నిప్పులు కక్కుతూ, దిక్కులు పిక్కటిల్లేలా వచ్చి పడింది!"

"ఎవరైనా తెచ్చారా?"

"ఎవరు తేగలరయ్యా? దానంతట అదే వచ్చింది!"

"అంటే ఆకాశంలో దాని దారి అది వదిలేసిందన్నమాట. వెంట్రుకవాసి కాదు, ఏకంగా చిత్రగిరికే వచ్చేసింది."

సిద్ధాంతి ఉత్తరీయం సర్దుకోబోయాడు గానీ, అది అప్పటికే సరిగ్గా ఉంది.

కొమ్మన వదల్లేదు. "ఆకాశంలో ఏదీ జరగదంటారా? అయితే ఇది చేలో దొరికిన మామూలు రాయి. నాలుగు తరాల రాజులు చేలో రాయి మీద కూర్చుని మేం రాజులమన్నారు. పోనీ, పైనుంచే వచ్చిందంటారా? అయితే తమరు ఇందాక చెప్పింది అబద్ధం. ఈ రెండింట్లో ఏది కావాలో తమరే చెప్పండి."

"పైనుంచే... పైనుంచే వచ్చింది," అన్నాడు సిద్ధాంతి. పాపం, ఆ గొంతు ఆయనకే వినపడలేదు.

"రుజువైంది కదా ప్రభూ? ఇక శిక్ష మాట చూద్దాం. ఇది పుట్టిన చోటు విడిచి వచ్చింది. మన గడ్డ మీద మకాం పెట్టింది. తమరు దీని మీదే చెయ్యి పెట్టి ప్రమాణం కూడా చేశారు. పొద్దు గూకేలోగా పొలిమేర దాటించాలి. వీళ్ళని సభకు తోలుకొస్తున్నారని విన్నప్పుడే బయట బండి సిద్ధంగా పెట్టాను."

"రాయి తీసేస్తే నేను..." అని ఆగిపోయాడు రాజు.

"రాజు కారు. మన పద్ధతి అంతే మరి. పద్ధతి మారకూడదు కదా! పొలిమేర అవతల పడేస్తే పొరుగురాజు భద్రంగా ఎత్తుకుపోయి తన గద్దె కింద పెట్టుకుంటాడు. వాడు ఎప్పట్నుంచో దీని మీద కన్నేశాడు."

కొమ్మన గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. నేరుగా రాజు కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"ఈ రాయి ఎవరో తెలుసా ప్రభూ? సూర్యుడు పుట్టిన నాటిది. గ్రహం కావలసిన ముద్ద ఇంకో ముద్దని గుద్దుకుని పగిలిపోతే, అందులోంచి ఊడిపడ్డ ముక్క. ఇల్లు పోయింది. చేరడానికి చోటు లేక కోటానుకోట్ల ఏళ్ళు చీకట్లో తిరిగింది. చివరికి మన చేలో పడితే మీ ముత్తాత ఏం చేశారు? ఎక్కడ్నుంచి వచ్చావని నిలదీశారా? పాలతో కడిగి, గంధం పూసి ఇంట్లో పెట్టుకున్నారు. ఇల్లు పోయిన రాయికి గంధం పూసిన వంశంలో పుట్టి, ఇల్లు పోయిన మనుషుల్ని రాళ్ళగుట్టల్లోకి తోలతారా? సిగ్గుగా లేదూ?"

రాజుని పట్టుకుని ఆ మాటన్నవాడి తల మిగలదని అందరికీ తెలుసు. కొమ్మనకీ తెలుసు. అయినా కళ్ళు దించలేదు.

సరిగ్గా అప్పుడే బండివాడు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "దొరా, ఆ రాయేదో బేగి ఎక్కించెయ్యండి, ఎడ్లు మేత తినాలి!" అని కేకేశాడు.

రాజు బండివాణ్ణి చూశాడు, రాయిని చూశాడు, తడబడుతున్న సిద్ధాంతిని చూశాడు. ముందు ఆయన మీసం కదిలింది. తర్వాత బొజ్జ కదిలింది. ఆ తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్ బండీ, ఎడ్లకి మేత వేయించుకో, రాయి ఎక్కడికీ పోదు!" అన్నాడు. అక్కడికక్కడే శాసనం రద్దు చేశాడు. బీడు తుంగలంక వాళ్ళకి రాసిచ్చాడు. మెళ్ళో ముత్యాలహారం తీసి కొమ్మన మెళ్ళో వేశాడు. కొమ్మన వేయించుకున్నాడు, వద్దనడానికి ఆయనకేం వెర్రా?

నెలరోజులు గడిచాక, ఊరు ఎలా లేస్తోందో చూద్దామని రాజు ఆ బీడుకి వెళ్ళాడు. పరివారం, గొడుగులు, బాకాలు, అన్నీ వెంట ఉన్నాయి. ఆయన దర్జాగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూస్తూంటే, పోలమ్మ గుంజ ఒకటి భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా ఆగింది.

"కాస్త అవతలికి జరగండి బాబూ. మీరు నించున్న చోటే గుంజ పాతాలి."

బాకాల వాళ్ళు బాకాలు దించేశారు. సిద్ధాంతి కళ్ళు మూసుకున్నాడు.

సూర్యవంశపు మహారాజు రెండడుగులు పక్కకి జరిగాడు.