పేట బడికి పెంకులు

ఇది చాలా చిన్న కథ. మంత్రి కొండలరాయుడి దానగుణమంత చిన్నది. ఆయన మీసాలు మాత్రం పెద్దవి; వాటికి నూనె రాయడానికే ఒక మనిషి ఉండేవాడట. సరే, మీసాలు వదిలేద్దాం.

ఆ రాజ్యంలో పెద్ద చదువులకు రెండే బడులు. కోట బడికి పెంకుల కప్పు, బోలెడుమంది పంతుళ్లు. పేట బడికి చిల్లుల తాటాకు కప్పు, ఒక్క ముసలి పంతులు. వాన పడితే సెలవు. మంత్రి పశువుల్ని చూసుకునే సింగారి కూతురు చదివేది అక్కడే. కప్పు వేయించమని సింగారి అడిగితే మంత్రి నవ్వాడు.

“బాగా చదివే బడికే డబ్బు. పాలిచ్చే ఆవుకే కదటే మేత!”

“చిత్తం దొరా,” అంది సింగారి.

ఆ రోజు నుంచి తవుడూ పత్తిగింజలూ పాడి ఆవులకే పెట్టింది. మంత్రి అత్తవారు పంపిన ముద్దుల పెయ్యకు ఎండుగడ్డే మిగిలింది. దాని పక్కటెముకలు తేలాక మంత్రి మండిపడ్డాడు.

“ఏమే, మేత పెట్టకపోతే రేపు అది పాలెలా ఇస్తుంది?”

“కప్పు లేని బడిలో మా పిల్లలు ఎలా చదువుతారో అలాగే ఇస్తుంది దొరా. పాపం, పెయ్యకు నోరు లేదు. నాకుంది. అడిగాను.”

మంత్రి ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ పనికి పేటలో ఇంకెవరూ రాలేదు. కోట బడిలో చదివినవాళ్లకు పాలు పితకడం రాదు. వారం పాటు తనే పేడ ఎత్తుకున్న మంత్రి, పేట బడికి పెంకులు వేయించి సింగారికి కబురంపాడు.

ఆమె రాలేదు. “మరి పంతుళ్లేరీ?” అని కబురంపింది.

ఇంకో వారం పేడ ఎత్తాక మంత్రి పంతుళ్లను కూడా పంపాడు.