దాలినాయుడి క్యూ కర్రకు అతుకు

మా మామగారు సోమలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఉండు, చేతిలో పని ఉంది" అనేవారు. పని ఏదో ఒకటి ఎప్పుడూ ఉండనే ఉండేది. జనపనార మిల్లులో ముప్పై రెండేళ్లు వడ్రంగం చేసి విరమించిన మనిషి. సాయంత్రమయ్యేసరికి మిల్లువాళ్లు నలుగురైదుగురు వచ్చి, మా వెనక వరండాలో చెక్కపొట్టు మధ్యే కూర్చుని, ఆయన చెప్పే నాలుగు మాటలు విని వెళ్లేవారు. వాళ్లందరికీ ఆయన గురువుగారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో ఏట జరిగిన సంగతి ఇది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

వచ్చేవాళ్లలో దాలినాయుడు ఒకడు. మిల్లులో నూలు తూకాల గుమస్తా. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడి పొట్టిదైపోయింది. పదో ఏట తన చంకకర్రను తానే పొయ్యిలో పెట్టాడట. అప్పటినుంచి కుంటుతూ నడిచాడు గాని మళ్లీ కర్ర పట్టలేదు. మిల్లు క్లబ్బులో పూల్ ఆట బల్ల ఉండేది, క్యూ కర్రతో తెల్లబంతిని కొట్టి మిగతా బంతుల్ని బల్ల అంచునున్న సంచుల్లో పడెయ్యాలి. గురి చూసి కొట్టడంలో నాయుడంతటివాడు లేడని అక్కడ అందరూ ఒప్పుకునేవారు. వచ్చిన చిక్కల్లా దూరపు బంతులతోనే. తెల్లబంతి అవతలికి పోతే మిగతావాళ్లు బల్లమీదికి ఒరిగి ఒక కాలు గాల్లోకి లేపుతారు. రెండో కాలు నేలమీద ఉంటే చాలు, అదీ నియమం. సన్నకాలిని పైకి లేపే బలం నాయుడికి లేదు. ఒరిగాడంటే మంచికాలే లేచిపోతుంది, సన్నకాలు నేలకు అందదు. ఫౌల్ అంటారు. అలాంటి బంతుల కోసం క్యూ కర్ర ముందుభాగాన్ని ఆనించుకోవడానికి రెస్టు అని ఒకటి ఉంది గాని, ఒరగకుండా నిలబడే కొట్టాలంటే క్యూ కర్ర మూరెడు చాలదు. వెనక ఒక అతుకు వేసుకుంటే సరిపోతుంది. వేసుకోవచ్చని క్లబ్బు కార్యదర్శే చెప్పాడు. నాయుడికే మనసొప్పలేదు.

ఆ ఆదివారం ఆట. గెలిచినవాడు మిల్లు తరఫున జిల్లా పోటీలకు వెళ్తాడు. పన్నెండేళ్లుగా నాయుడు కాచుకున్నది ఆ ఒక్క అవకాశం కోసమే. గురువారం సాయంత్రం క్యూ కర్రతోనే వచ్చి, చెయ్యని తప్పేదో ఒప్పుకుంటున్నవాడిలా తల వంచుకుని అడిగాడు.

"గురువుగారూ, ఊత పెట్టుకుని గెలిస్తే అది గెలుపేనా అండి?"

పక్కనే ఉన్న అప్పలస్వామి ఊరుకుంటే కదా. "ఏటి నాయుడూ, అతుకేస్తే నీ క్యూ కర్ర కూడా కుంటిదైపోద్దనేటి నీ భయం?" అన్నాడు. అందరూ నవ్వారు. నాయుడు నవ్వలేదు.

"ఉండు, చేతిలో పని ఉంది" అని మామగారు లేచి దేవుడి గదిలోకి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో యోగదండం ఉంది.

యోగదండం అంటే జపం చేసుకునేవారు మోచెయ్యి ఆన్చుకునే కర్ర. పైన నెలవంకలాంటి అడ్డచెక్క, కింద మూరెడు కాడ. అది మామగారి గురువుగారిది. ఆయన కన్నుమూసే ముందు తన చేత్తో మామగారికి ఇచ్చారు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ దానికి గంధం, కుంకుమ పెట్టి, పోయే ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "ఇంకేది మరిచినా దీన్ని మరవకమ్మా" అని అప్పగించారు. తలస్నానం చెయ్యకుండా నేను దాన్ని ముట్టుకుని ఎరగను.

మామగారు దాన్ని పీటమీద పడుకోబెట్టి, కాలితో తొక్కిపట్టి, రంపం వేశారు.

నా చేతిలోని మంచినీళ్ల చెంబు జారి పడింది. "మామయ్యగారూ!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను అంత గొంతు ఎత్తడం అదే మొదలు. అప్పలస్వామి లేచి నిలబడ్డాడు. నాయుడు రెండు చెవులూ మూసుకున్నాడు. రంపం ఆగలేదు. అడ్డచెక్క తెగి పొట్టులో పడింది. గంధం వాసన గుప్పుమంది. అది అత్తగారి వాసన. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన మాత్రం తలుపు గడియ బాగు చేసేవాడిలా నెమ్మదిగా పని చేసుకుపోయారు. నాయుడి క్యూ కర్ర వెనక కొస చుట్టూ దారం చుట్టి కొలత తీశారు. జానెడు ఇత్తడి గొట్టం తీసుకుని సగం దాకా ఆ కాడను దిగ్గొట్టి, మిగతా సగం లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క అంటించారు. క్యూ కర్రను అందులోకి నొక్కితే బిగిసి కూర్చుంది, మెలితిప్పి లాగితే ఊడి వచ్చింది. పూజకు తెచ్చిన నిమ్మకాయను వరండా చివర పెట్టి, కూర్చున్నచోటి నుంచే కొట్టి చూశారు. నిమ్మకాయ దొర్లి గుమ్మంలో పడింది.

"అందుతుంది. ఆదివారం నేనూ వస్తాను" అన్నారు.

నాయుడు అతుకును రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, తువ్వాలులో చుట్టుకుని వెళ్లాడు.

మామగారు క్లబ్బు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. తోడుగా నేను వెళ్లాను. ఆట చివరిదాకా నాయుడిదే పైచెయ్యి. నల్లబంతి ఒక్కటే మిగిలింది, సంచి వాకిట్లో ఉన్నట్టుంది. తెల్లబంతి మాత్రం బల్ల అవతలి కొసకు పోయింది. అప్పలస్వామి గోడకున్న రెస్టు తెచ్చి అందించాడు. ఇప్పుడు అతుకు బయటికి తీస్తాడు కదా అని నేను చూస్తున్నాను. నాయుడు అతుకూ తియ్యలేదు, రెస్టూ అందుకోలేదు. బల్లమీదికి ఒరిగాడు. "ఒరే, వద్దురా!" అని అప్పలస్వామి కేకేశాడు. మంచికాలు నేల వదిలింది. బంతి సంచిలో పడనే పడింది. చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. కార్యదర్శి చెయ్యెత్తి "ఫౌల్" అన్నాడు. నల్లబంతిని ఫౌల్‌తో పడేస్తే ఓడినట్టే, ఆట ఎదుటివాడిదైపోయింది.

గురువుగారి కర్ర కోసింది దీనికా? మామగారు నాయుడి దగ్గరికి వెళ్లి, "అతుకేదీ?" అన్నారు.

"మా ఇంట్లో దేవుడి పటాల దగ్గరుందండి," అన్నాడు నాయుడు, చెమట తుడుచుకుంటూ. "పసుపు రాసి ఎర్రగుడ్డ చుట్టేం. మా ఆడది రోజూ బెల్లంముక్క నైవేద్యం పెడతంది. అలాంటిదాంతో బంతిని కొట్టమంటే చెయ్యెలా వస్తాదండి, గురువుగారూ?"

నాకు అతని మాటే న్యాయమనిపించింది. తెగిన అడ్డచెక్కను నేను మాత్రం వదిలేశానా? ఆ సాయంత్రమే పొట్టులోంచి ఏరి, పసుపునీళ్లతో కడిగి, మళ్లీ పీటెక్కించి పూలు పెడుతున్నాను. నాయుడికి ఆసరాగా ఉంటుందని ఆ మాట పైకే అనేశాను.

మామగారు అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "కోసింది ఒక కర్రనమ్మా. ఇద్దరు దేవుళ్లయ్యారు" అన్నారు.

బయటికి వచ్చాం. క్లబ్బు మెట్లు ఎత్తు, ఆయనవి మోకాళ్ల నొప్పులు. మరేమీ ఆలోచించకుండా ఆ కుంటివాడి భుజం మీదే బరువంతా ఆనించి ఒక్కో మెట్టూ దిగారు. నాయుడి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఆఖరి మెట్టు దగ్గర ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"మా గురువుగారు నలభై ఏళ్లు ఆ కర్రమీద చెయ్యి ఆన్చారు, నాయుడూ. ఒక్కనాడైనా దానికి దణ్ణం పెట్టగా నేను చూడలేదు."