పెరుగు పరీక్ష

క్యాన్సర్‌కి మందు కనిపెట్టేశాడు పైడిరాజు. అబద్ధం కాదు. కాకపోతే ఆ క్యాన్సర్ ఇంకా గాజు పళ్లెంలోనే ఉంది. ఆ పళ్లెం కడిగేదీ పైడిరాజే.

నులిపురుగులకి వాడే పాత మందుకి రాగిని ముడివేశాడు. వచ్చిన గోధుమరంగు పొడి పళ్లెంలోని కణాల్లో ఒక్కదాన్నీ మిగల్చలేదు. ఆ పొడి పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకుని, తనకి పరిశోధన నేర్పుతున్న సుభద్ర మేడం గదికి వెళ్లాడు.

"ఇది మా పిన్నికి ఇస్తాను మేడం. నన్ను పెంచింది ఆవిడే. డాక్టర్లు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నులిపురుగుల మాత్రేమో ఊరంతా మింగిందే. రాగిచెంబు నీళ్లు మనమంతా తాగుతున్నవే. ఇంక భయమేంటి?"

మాట ధీమాగానే ఉంది. చెయ్యే జేబుని వదల్లేదు.

"దేంట్లో కలిపిస్తావు?"

"మజ్జిగలో. ఇంకేదీ గొంతు దిగట్లేదు ఆవిడకి."

మేడం తన క్యారేజీ విప్పి పెరుగుగిన్నె ముందుకి జరిపారు.

"చిటికెడు వెయ్యి."

వేశాడు. ఆవిడ మూత పెట్టేశారు.

"మా తాతగారు వైద్యం చేసేవారు. రాగిభస్మం ఎవరికైనా ఇచ్చేముందు ఇలాగే చూసేవారు. మందు రాగిని గట్టిగా పట్టుకుంటే పెరుగు తెల్లగా ఉంటుంది."

"వదిలేస్తే?"

"భోజనాలవేళకి రా."

ఆ పూట పైడిరాజుకి ఏ పనీ సాగలేదు. ఆ గిన్నె పాములబుట్టలా కళ్లముందే కూర్చుంది. మధ్యలో పిన్ని ఫోన్ చేసింది.

"మందు తెస్తానన్నావు కదరా అయ్యా, ఎప్పుడొస్తావు?"

"వస్తన్నాను పిన్నీ."

మధ్యాహ్నం మేడం మూత తీశారు. పొడి పడ్డచోటల్లా పెరుగు చిలకపచ్చకి తిరిగింది. మందు రాగిని వదిలేసింది.

పైడిరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. నోరు మాత్రం ఊరుకోదుగా.

"పెరుగు సంగతి వదిలెయ్యండి మేడం. పొద్దున నేనే మింగి చూశాను. ఏమైంది? రాయిలా ఉన్నాను!"

మేడం ముఖం పాలిపోయింది. లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. స్కూటీ తాళం అందుకుని, వాడి రెక్క పట్టుకుని మెట్లు దింపారు. ఆవిడ పరుగెత్తగా పైడిరాజు ఎప్పుడూ చూడలేదు. పట్టుకున్న ఆ చెయ్యి మంచులా ఉంది.

"ఎంత మింగావు? కడుపులో మంటగా ఉందా? మాట్లాడు!"

స్కూటీ ఆసుపత్రి దారి పట్టింది. వెనక కూర్చున్నవాడు కాసేపటికి గొణిగాడు.

"ఆపండి మేడం."

ఆపారు.

"మింగలేదు."

ఆవిడ వెనక్కి తిరిగారు.

"నాలుకమీద వేసుకున్నాను. భయమేసింది. ఉమ్మేసి, చెంబెడు నీళ్లతో పుక్కిలించేశాను."

మేడం ఇంజను కట్టేశారు.

"నీకంటే నీ భయం బాగా చదువుకుందిరా."

పైడిరాజు జేబులోంచి పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

మేడం మళ్లీ బండి స్టార్ట్ చేశారు.

"మీ పిన్ని ఇల్లు ఎటు?"